డిస్పోజల్ జీపు సీజే-3బీ: కృష్ణ ఇసుకకీ, కొండపల్లి రాళ్లకీ పనికొస్తుందా?

మిలటరీ వేలంలో వచ్చిన పాత మహీంద్రా సీజే-3బీ పెట్రోలు జీపు కొని విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల డొంకల్లో, ఏటి ఒడ్డున, కొండదారుల్లో తిప్పుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. నడక వేగంతో నడిపే ఓపిక ఉన్నవాళ్లు నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు. ఈ బండి బలమంతా గేర్లలో ఉంది. బలహీనతంతా బ్రేకుల్లో, పొట్టి వెడల్పులో ఉంది. కొత్త ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి) తోలిన అలవాటుతో దీన్ని తోలితే మాత్రం ప్రమాదం తప్పదు.

ముందు గేర్ల లెక్క చూడండి. మొదటి గేరు 2.80, లో రేంజి (వేగం తగ్గించి బలం పెంచే అదనపు గేరు) 2.46, ఇరుసులో క్రౌన్ పినియన్ (చక్రాల్ని తిప్పే చివరి పళ్ల జత) 5.38. మూడూ గుణిస్తే 37. అంటే ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 6.00-16 టైరు చుట్టుకి సుమారు 2.2 మీటర్లు పోతుంది కాబట్టి, 800 ఆర్‌పీఎం ఐడ్లింగులో బండి వేగం గంటకి 3 కిలోమీటర్లు కూడా ఉండదు. పక్కన నడిచే మనిషి దాన్ని దాటిపోతాడు. రివర్సు ఇంకా బలం: లో రేంజిలో దాని లెక్క 50. ఈ 50 ఎంత విలువైందో కొండ ఎక్కే దగ్గర తెలుస్తుంది. అదే 5.38 రోడ్డు మీద భారం. టాప్ గేరులో 60 దగ్గరే ఇంజను దాదాపు 2,450 ఆర్‌పీఎం తిరుగుతుంది. అందుకే హైవే మీద 55, 60 దాటించకండి. ఎవరైనా ఇరుసు మార్చి ఉంటే ఈ అంకెలు మారతాయి, కొనేముందు హౌసింగ్ తెరిపించి పళ్లు లెక్కపెట్టించండి.

అమెరికాలో విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చిన మోడల్ ఇది. లైసెన్సు మీద మహీంద్రా ఇక్కడ తయారుచేసింది. 2,199 సీసీ హరికేన్ ఇంజనులో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. దాంతో ఇంజను ఎత్తు పెరిగింది, బానెట్ కూడా ఎత్తు పెంచాల్సి వచ్చింది. ఆ ఎత్తు చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, గట్టు మీదికి ముందు చక్రాలు ఎక్కినప్పుడు అవతల ఏముందో డ్రైవరుకి కనపడదు. అక్కడ ఒక మనిషి దిగి ముందు నిలబడాల్సిందే. సైగ చేసేది ఒక్కరే అయి ఉండాలి. ముగ్గురు మూడు వైపుల నుంచి "రానీ రానీ", "ఆపు", "ఎడమకి" అని అరిస్తే డ్రైవరు ఎవరి మాటా వినలేడు. ఆ మనిషి బండికి కనీసం 5 మీటర్ల దూరంలో, కాస్త పక్కగా నిలబడాలి. దిగుడులో బండికి కిందివైపు అస్సలు నిలబడకూడదు.

బండి లోపల నేల రేకు మీద రెండు చిన్న లివర్లుంటాయి. ఒకటి ముందు ఇరుసుని ఇంజనుకి కలుపుతుంది, రెండోది హై, లో మారుస్తుంది. ముందు ఇరుసు కలపకుండా లో పడదు. వెనక ఇరుసు ఒక్కదాని మీదే అంత బలం పడకూడదని అలా కట్టారు, కాబట్టి పడట్లేదని బలవంతంగా గుంజకండి. ముందు ఇరుసుని నెమ్మదిగా పోతున్నప్పుడు యాక్సిలరేటర్ వదిలి కలపొచ్చు. లో మాత్రం బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి వెయ్యండి. మూడు గేర్లలో మొదటిదానికీ రివర్సుకీ సింక్రో (పళ్ల వేగాలు కలిపే రింగు) లేదు, కదులుతుండగా మొదటి గేరు వేస్తే పళ్లు చెక్కుకుపోతాయి. అందుకే దిగుడు మొదలయ్యాక గేరు మార్చే ఆలోచన పెట్టుకోవద్దు. పైనే ఆగి, లో మొదటి గేరు వేసుకుని అప్పుడు దిగండి.

తారు రోడ్డు మీద ముందు ఇరుసు కలిపి నడపకండి. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరువేరు దూరాలు తిరుగుతాయి, మధ్యలో సర్దుకునే డిఫరెన్షియల్ దీనికి లేదు. ఆ బిగువంతా షాఫ్టుల్లో, క్రాస్ బేరింగుల్లో పేరుకుని లివరు ఇరుక్కుపోతుంది. ఇరుక్కుంటే సుత్తి పట్టుకోవద్దు. తిన్నగా రెండు మూడు మీటర్లు వెనక్కి పోనిచ్చి లాగితే దానంతటదే వస్తుంది.

ఇక బ్రేకులు. ఈ సమీక్షలో ఎక్కువ చోటు వీటికే ఇవ్వాలి, ఎందుకంటే డిస్పోజల్ జీపు కొన్నవాళ్లు ముందు పెయింటుకీ, హుడ్డుకీ, లైట్లకీ ఖర్చుపెట్టి బ్రేకుల్ని తర్వాతకి వదిలేస్తారు. నాలుగు చక్రాలకీ 9 అంగుళాల డ్రమ్ములు, తొక్కే బలాన్ని పెంచే బూస్టరు లేదు, పెడలు తొక్కితే ఆయిలు తోసే మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగింటికీ ఒకే లైను. ఎక్కడ ఒక్క వీల్ సిలిండర్ వాషరు చినిగినా, ఒక్క రబ్బరు హోసు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. పెడలు నేలకి తగిలేదాకా తెలియదు. ఆటోనగర్లో రెండు గదుల మాస్టర్ సిలిండర్ అమర్చి ముందూ వెనకా లైన్లు విడదీసే పని చేసే మెకానిక్కులున్నారు. ఈ బండికి చేయించదగ్గ మొదటి మార్పు అదే. దాంతోపాటు నాలుగు వీల్ సిలిండర్లకీ కిట్లు మార్పించండి, రబ్బరు హోసులన్నీ కొత్తవి వేయించండి, స్టీలు పైపుల్ని చాసిస్ క్లిప్పుల దగ్గర గోటితో గీకి చూడండి. బయటికి పెయింటు నున్నగా ఉంటుంది, క్లిప్పు కింద తుప్పు పొరలుపొరలుగా లేస్తుంది. పగిలేది అక్కడే.

డ్రమ్ము ఊడదీసినప్పుడు లోపలి అంచున వేలు పెట్టి తిప్పండి. మెట్టులా తగిలితే అరిగిందని అర్థం. పెడలు తొక్కినప్పుడు కాలి కింద కొట్టుకుంటుంటే డ్రమ్ము గుండ్రం తప్పింది, లేత్‌కి వెయ్యాలి. లైనర్లు అరిగేకొద్దీ ఈ బ్రేకులు తమంతట తాము సర్దుకోవు, వెనక ప్లేటు మీది బోల్టులు తిప్పి మనమే దగ్గరికి తేవాలి. ఒక చక్రం బిగువుగా, ఇంకోటి వదులుగా ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా బండి ఒక పక్కకి గుంజుతుంది, ఇసుక దిగుడులో అది చాలు అడ్డం తిరగడానికి. మాస్టర్ సిలిండర్ నేల రేకు కింద, బురదకి ఎదురుగా ఉంటుంది. మూత తీసేముందు చుట్టూ శుభ్రంగా తుడవకపోతే ఇసుక రేణువులు లోపల పడి వాషర్లని కోస్తాయి. బ్రేకు ఆయిలు తేమని పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మొత్తం మార్చండి.

హ్యాండ్ బ్రేకు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అది చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకి బలం పంచే పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. షాఫ్టు ఆగినా డిఫరెన్షియల్లో ఒక వెనక చక్రం ఇటూ, ఇంకోటి అటూ తిరగగలవు. అంటే వాలులో హ్యాండ్ బ్రేకు వేసి ఒక వెనక చక్రాన్ని జాకీ మీద లేపితే బండి జారిపోతుంది. పంక్చరు వేసేముందు మిగతా చక్రాలకి చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి, ముందు ఇరుసు కలిపి గేరులో వదలండి. నడుస్తున్న బండిని ఆపడానికి హ్యాండ్ బ్రేకు లాగితే ఆ దెబ్బంతా షాఫ్టు క్రాసుల మీద, క్రౌన్ పినియన్ మీద పడుతుంది. ఫుట్ బ్రేకు పోయినప్పుడు తప్ప అలా వాడకండి.

స్టీరింగు పట్టుకునే తీరు మార్చుకోండి. బొటనవేళ్లు చక్రం లోపలికి, ఆకుల మధ్యకి పోనివ్వకూడదు, మిగతా వేళ్లతో పాటు అంచు మీదే పెట్టుకోవాలి. పవర్ స్టీరింగు లేని బండి కాబట్టి ముందు చక్రం రాయికి కొట్టుకోగానే స్టీరింగు గిర్రున వెనక్కి తిరుగుతుంది. లోపల వేలుంటే ఆకు వచ్చి దాని మీద పడుతుంది, ఎముక విరుగుతుంది. స్టీరింగులో ప్లే ఎక్కువున్నా, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే కీలు) బేరింగుల షిమ్ములు (సందు సర్దే పల్చటి రేకులు) వదులైనా 40 దగ్గర ముందు చక్రాలు కొట్టుకోవడం మొదలవుతుంది. వీల్ బ్యాలెన్సింగు చేయిస్తే పోదు. ముందు ఇరుసు లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, కదిలితే షిమ్ములు తీయించాలి. స్టీరింగు బాక్సు బిగించిన చోట చాసిస్ మీద వెంట్రుకంత పగులు ఉందేమో కిరోసిన్ గుడ్డతో తుడిచి చూడండి. పగులుంటే తుడిచాక సన్నని నల్లగీతలా బయటపడుతుంది.

ఎక్కుడు విషయానికి వద్దాం. కొండపల్లి వైపు అడవి రిజర్వు ఫారెస్టు, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోకండి. అనుమతి ఉన్న దారుల్లో గానీ, పొలాల పక్క గుట్టల మీద గానీ ఎక్కేటప్పుడు వాలుకి తిన్నగా ఎక్కండి, తిన్నగా దిగండి. 80 అంగుళాల వీల్‌బేసు (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), దానికి తగ్గ ఇరుకు ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం), పైగా ఎత్తు. వాలుకి అడ్డంగా పోతుంటే పైవైపు చక్రం ఒక రాయి ఎక్కినా, కిందివైపు చక్రం ఒక గుంతలో దిగినా బండి దొర్లిపోతుంది.

సగం దూరం ఎక్కాక ఇంజను ఆగిపోయిందనుకోండి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. క్లచ్ తొక్కి బండిని వెనక్కి జారనిస్తారు, లేదా స్టీరింగు తిప్పి మళ్లించబోతారు. ఆ మళ్లింపులో బండి వాలుకి అడ్డం పడి దొర్లుతుంది. చేయాల్సింది ఇది: ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కండి. ఇగ్నిషన్ ఆపండి. క్లచ్ తొక్కి లో రివర్సు వేసి, క్లచ్ పూర్తిగా వదిలేయండి. బండి ఇప్పుడు గేరు మీద నిలబడుతుంది. వెనక మనుషులు లేరని చూసుకుని, చక్రాలు తిన్నగా పెట్టి, ఇగ్నిషన్ మళ్లీ వేసి, బ్రేకు మెల్లగా వదులుతూ క్లచ్ తొక్కకుండానే స్టార్టరు కొట్టండి. ఇంజను అందుకుని 50 లెక్కన బండిని నత్తనడకన కిందికి దించుతుంది. పై భాగంలో చెప్పిన 50 పనికొచ్చేది ఇక్కడ. ఈ పని ముందు చదును నేల మీద పదిసార్లు చేసి చేతికి అలవాటు చేసుకోండి, కొండ మీద మొదటిసారి నేర్చుకునే పని కాదు.

నిటారు ఎక్కుళ్లలో ఇంజను ఆగేది బలం చాలక కాదు, చాలాసార్లు కార్బొరేటరే కారణం. బండి వాలినప్పుడు ఫ్లోట్ చాంబర్లో పెట్రోలు ఒక పక్కకి ఒరిగి, ఎక్కువ పోవడమో తక్కువ పోవడమో జరుగుతుంది. ఫ్లోట్ ఎత్తు సరిచేయిస్తే కొంత తగ్గుతుంది. దిగేటప్పుడు కాలు క్లచ్ మీద పెట్టకండి, బ్రేకు గట్టిగా తొక్కి చక్రాలు బిగించకండి. వెనకభాగం పక్కకి జారడం మొదలైతే యాక్సిలరేటర్ కొంచెం ఇవ్వండి, చక్రాలు మళ్లీ తిరిగి బండి తిన్నగా అవుతుంది. భయంతో కాలు బ్రేకు మీదికే పోతుంది, అందుకే దీన్నీ ముందు చిన్న దిగుడులో సాధన చెయ్యాలి.

ప్రకాశం బ్యారేజీ దిగువ కృష్ణ ఇసుకలో ఈ జీపు బాగా నడుస్తుంది, బరువు తక్కువ. రోడ్డు మీద 26 నుంచి 30 పీఎస్‌ఐ ఉండే గాలిని ఇసుకలో 18 దాకా తగ్గించండి. ట్యూబు టైర్లకి 15 కంటే కిందికి పోవద్దు. రిమ్ము లోపల టైరు జారి ట్యూబుని లాక్కుపోతుంది, వాల్వు మొదలు దగ్గర తెగుతుంది. లో రెండో గేరు వేసి, ఒకే వేగంతో, వెడల్పు మలుపులు తీసుకోండి. ఆగాలంటే బ్రేకు వెయ్యకండి, కాలు తీసేస్తే దానంతటదే ఆగుతుంది. బ్రేకు వేస్తే ముందు చక్రాల ఎదుట ఇసుక కుప్పపడుతుంది. చక్రం తిరుగుతూ కిందికి దిగుతుంటే వెంటనే ఆపండి. ఇరుసు గుండు ఇసుకకి తగిలిందంటే పార తప్ప మార్గం లేదు. నీళ్లున్న చోట ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు, కాబట్టి నీళ్లలోకి పోయే ముందు కర్రతో నడిచి చూడాలి. వరద రోజుల్లో, బ్యారేజీ గేట్లు ఎత్తుతారని ప్రకటించిన రోజుల్లో ఏటి గర్భంలోకి బండి దించకండి.

గుంటూరు వైపు నల్లరేగడి వేరే కథ. ఎండాకాలంలో నెర్రెలు, వానాకాలంలో జిగురు. మిలటరీ పట్టీల టైరు సన్నం కాబట్టి పై బురదని కోసుకుని కింద గట్టి నేలని పట్టుకుంటుంది, ఎర్రనేలలో అది లాభమే. నల్లరేగడిలో తడి లోతుకంటా ఉంటుంది, ఆ గట్టినేల దొరకదు. పట్టీల మధ్య మట్టి నిండి టైరు నున్నటి ఉండలా అవుతుంది. రెండు రోజుల వాన తర్వాత పత్తి చేల మధ్య డొంకలోకి పోకండి, ఏ టైరు వేసినా అంతే.

వాగు దాటాలంటే నీటి లోతు చక్రం మధ్య గుండు దాకానే మంచిది. ఇంకా పైకొస్తే ఫ్యాను నీళ్లని ఎగజిమ్మి డిస్ట్రిబ్యూటర్‌ని తడిపేస్తుంది, ఇంజను నీళ్ల మధ్యలో ఆగుతుంది. తప్పనిసరైతే ఫ్యాను బెల్టు తీసి, ఇంజను వేడెక్కకముందే దాటి, ఒడ్డున మళ్లీ వెయ్యండి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పటిలాంటి ప్రవహించే నీళ్లలోకి జీపు కదా అని పోవద్దు, లోతు సరిపోయినా పారుడు తోసేస్తుంది. ఒడ్డెక్కాక ఎడమకాలితో బ్రేకు తేలిగ్గా నొక్కుతూ వంద మీటర్లు మెల్లగా నడిపితే డ్రమ్ములు ఆరతాయి. మర్నాడు గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు ఇరుసుల ఫిల్లింగు బోల్టులు తీసి వేలు పెట్టి చూడండి. నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి, మొత్తం మార్చాలి. గేర్‌బాక్సుకి 90 నంబరు జీఎల్-4 వాడండి. జీఎల్-5 రకాల్లో కొన్ని సింక్రో రింగుల ఇత్తడిని తినేస్తాయి. గేర్‌బాక్సులో నూనె తగ్గి ట్రాన్స్‌ఫర్ కేసులో పెరిగితే లీకు బయట వెతక్కండి, రెంటి మధ్య సీలు అరిగింది.

మే ఎండల్లో పెట్రోలు లైన్లోనే ఆవిరై బండి ఆగిపోతుంటుంది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే స్టార్టవుతుంది. శాశ్వతంగా పోవాలంటే లైనుని ఎగ్జాస్ట్ నుంచి దూరంగా జరిపించి, వేడి తగలని తొడుగు వేయించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది. పంపు డయాఫ్రమ్, హోసులు, కార్బొరేటర్ వాషర్లు ఇథనాల్ తట్టుకునేవి వెయ్యాలి. ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. పెట్రోలు వాసన వస్తుంటే అదెక్కడో తేలేదాకా బండి కదిలించకండి, మంటలార్పే 2 కిలోల పౌడరు సిలిండరు చేతికందేలా బిగించుకోండి.

రిమ్ముల దగ్గర రెండు హెచ్చరికలు. యుద్ధకాలపు విల్లీస్ బళ్ల రిమ్ములు రెండు ముక్కల్ని నట్లతో బిగించినవి ఉంటాయి. ట్యూబులో గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లు విప్పితే రిమ్ము ముక్క ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. అలాగే ఎడమవైపు చక్రాల స్టడ్లకి చాలా బళ్లలో ఎదురు మర ఉంటుంది, తెలియనివాళ్లు బిగిస్తున్నామో విప్పుతున్నామో చూసుకోక స్టడ్డు తెంపేస్తారు. వెనక ఇరుసు షాఫ్టు చివర ఏటవాలుగా ఉండి, హబ్బుని ఒక కీ, ఒక పెద్ద నట్టు పట్టుకుంటాయి. ఆ నట్టుని టార్క్ రెంచితో 150 ఫుట్-పౌండ్లకి తగ్గకుండా బిగించి పిన్ను వెయ్యాలి. వదులైతే కీ కోసుకుపోతుంది, ఇంజను తిరుగుతున్నా బండి కదలదు.

రోల్ బారు లేకుండా కొండదారికి పోకండి. దాన్ని బాడీ రేకుకి బిగిస్తే దొర్లినప్పుడు రేకుతో సహా ఊడొస్తుంది, కాళ్లు చాసిస్ దాకా దిగాలి. సీటు బెల్టులు దాంతోపాటే. వెనక ఎవరూ నిలబడకూడదు, మడ్‌గార్డు మీద కూర్చోకూడదు. పిల్లలు సరదాపడినా సరే.

కాగితాలు చూసుకోండి. వేలంలో బండి పోయినట్టు మిలటరీ ఇచ్చిన పత్రాలు, తర్వాతి ఆర్‌సీ ఒకదానికొకటి కలవాలి. చాసిస్ నంబరుని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది పోల్చండి. డీజిలు ఇంజను మార్చి ఉంటే అది ఆర్‌సీలో ఎక్కి ఉండాలి. పైగా బరువైన డీజిలు ముందు కమాన్లని (స్ప్రింగు పట్టీల్ని) అణిచేస్తుంది, బ్రేకులు మాత్రం అవే. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది, కొత్తగా చేయిస్తే 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ దాంతో రోజువారీ రోడ్డు మీద తిరగడం కుదరదు. ఇంకోటి, మిలటరీ ఆకుపచ్చ రంగు రక్షణశాఖ బళ్లకే. మోటారు వాహన నిబంధనల్లో 121వది దాన్ని మిగతావాళ్లకి నిషేధించింది. వేలం నుంచి ఆ రంగుతోనే వచ్చినా మార్పించాల్సిందే.

బేరం కుదిర్చేముందు బండిని పట్టపగలు, చల్లారిన ఇంజనుతో చూడండి. బ్రేకు పెడలు నిమిషంపాటు నొక్కి పట్టుకోండి, మెల్లగా దిగుతుంటే సిలిండరు లీకు. చదునులో లో మొదటి గేరు వేసి యాక్సిలరేటర్ మీది కాలు పూర్తిగా తీసేయండి. జీపు ఆగకుండా, గేరు ఊడిపోకుండా వంద అడుగులు తనంతట తాను పాకాలి. పాకుతుండగా గేరు లివరు న్యూట్రల్‌లోకి ఎగిరితే దిగుడులో ఆ గేరుని నమ్ముకోలేం. గేర్‌బాక్సు రిపేరు ఖర్చు ధరలో తగ్గించమనండి, తగ్గించకపోతే వదిలేయండి.